వాట్సాప్ గ్రూపులోంచి తీసేస్తే వాక్ స్వాతంత్ర్యానికి భంగమేనా?

కాదండీ. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు అడిగినందుకు అడ్మిన్ మిమ్మల్ని గ్రూపులోంచి తీసేశాడంటే అది అతని బుద్ధి. రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యపు హక్కు, అంటే 19(1)(ఎ), ఉన్నది ముఖ్యంగా ప్రభుత్వం మన నోరు నొక్కకుండా. ఈ హక్కు ప్రైవేటు వ్యక్తుల మీద కూడా వర్తిస్తుందని 2023లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఇచ్చిన మాట నిజమే గానీ, దాన్ని పట్టుకుని అపార్ట్‌మెంట్ సెక్రటరీ మీద హైకోర్టుకెళితే లాయరు ఫీజు దండగ. జనరల్ బాడీలో రాతపూర్వకంగా అడగండి.

ఈ హక్కు ఎక్కడ పనికొస్తుందో నాకు పోలీస్ స్టేషన్‌లో తెలిసింది. 2018 ఎండాకాలం, మా ఊళ్లో కుళాయి నీళ్లు టీ రంగులో వస్తున్నాయి. సీసాలో పట్టి ఫొటో తీసి "కౌన్సిలర్ గారు ఒక్క గ్లాసు తాగి చూపిస్తే నీటి పన్ను ఈరోజే కట్టేస్తా" అని ఫేస్‌బుక్‌లో పెట్టాను. సాయంత్రానికల్లా స్టేషన్ నుంచి ఫోన్. వెళితే రైటర్ గారు నా పోస్టు ప్రింటు తీసి పెట్టుకున్నారు, బ్లాక్ అండ్ వైట్‌లో! అందులో నీళ్లు శుభ్రంగానే కనబడుతున్నాయి. ఫిర్యాదు కాగితం మీద ఐటీ చట్టం 66ఎ అని రాసుంది, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన పోస్టులు పెడితే జైలన్న సెక్షన్ అది. "సార్, ఈ సెక్షన్ 2015లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది కదా" అంటే "మా పుస్తకంలో ఉందిగా" అని పేజీ తిప్పి చూపించారు. ఉంది మరి. కొట్టేసిన సంగతి కింద ఫుట్‌నోట్‌లో ఉంది, దాన్నెవరు చదువుతారు? ఫోన్‌లో ఆ సెక్షన్‌ని కొట్టేసిన శ్రేయా సింఘాల్ కేసు వార్త తీసి ఇస్తే, అది పట్టుకుని ఎస్సై గారి గదిలోకి వెళ్లొచ్చి "సరే వెళ్లు, పెద్దోళ్లతో మనకెందుకు, ఆ పోస్టు తీసెయ్ బాబూ" అన్నారు. తియ్యలేదు.

ఇది మా ఊరి వింతేమీ కాదు. చచ్చిన ఆ సెక్షన్ కింద ఇంకా కేసులు పెడుతున్నారని 2021లో తెలిసి సుప్రీంకోర్టే విస్తుపోయింది.

మనకు మొదట్నుంచీ ఇదే తంతు లెండి. 1950లో మద్రాసు ప్రభుత్వం క్రాస్ రోడ్స్ అనే పత్రికను రాష్ట్రంలోకి రానివ్వకపోతే (అప్పటికి మన కోస్తా, సీమ అందులోవే) సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదంది. ఏడాది తిరిగేసరికి మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చి, ఈ హక్కుకి ఏ కారణాలతో ఆంక్షలు పెట్టొచ్చో చెప్పే 19(2)లో శాంతిభద్రతలు, ఇంకొన్ని కారణాలు చేర్చారు. అమెరికావాళ్ల మొదటి సవరణ నోటికి రక్షణ ఇస్తే, మనవాళ్లది తాళం వేసింది. కాకపోతే ఆంక్షలు "సహేతుకంగా" ఉండాలన్న మాట కూడా అప్పుడే చేర్చారు, ఆ ఒక్క మాట మీదే ఇప్పటికీ కోర్టుల్లో నెగ్గుకొస్తున్నాం.

ఇక హీరోల ఫ్యాన్స్ ఒకరి అమ్మానాన్నల్ని ఒకరు తిట్టుకుని వాక్ స్వాతంత్ర్యం అంటారు చూడండి, వాళ్లకి చెప్పడం నా వల్ల కాదు. పరువు నష్టం ఇప్పటికీ క్రిమినల్ నేరమే, 2016లో సుప్రీంకోర్టు కూడా ఆ చట్టం చెల్లుతుందనే అంది.

మీరు పోస్టు పెట్టినందుకు స్టేషన్ నుంచి ఫోన్ వస్తే మాత్రం కంగారుపడి పరిగెత్తకండి. ఏ సెక్షనో అడగండి, రాతపూర్వకంగా నోటీసు ఇమ్మనండి, ఎవరినైనా తోడు తీసుకునే వెళ్లండి.