ఇంగ్లండ్ పొలాల్లో కనిపించే చతురస్రపు కందకాలు ఎవరివి? వాటి మధ్య ఇళ్లు ఏమయ్యాయి?

కోటలవి కావు. చాలావరకు చిన్న భూస్వాముల, కలిగిన రైతుల లోగిళ్లవి. ఇంగ్లండ్‌లో ఇలాంటివి దాదాపు 6,000 గుర్తించారు. ఎక్కువ భాగం 1250–1350 మధ్య తవ్వినవే, అదీ మధ్య, తూర్పు ప్రాంతాల్లో. నీరు నిలవాలంటే బంకమట్టి నేల కావాలి. తవ్విన మట్టిని లోపలికి పోసి దిబ్బ ఎత్తు చేస్తే ఇంటికి చెమ్మ తగ్గేది. నీళ్లు చేపల పెంపకానికీ నిప్పంటుకుంటే ఆర్పడానికీ పనికొచ్చేవి. కందకం దొంగల్ని ఆపగలదు, సైన్యాన్ని కాదు. నన్నడిగితే హోదా చూపించుకోవడమే సగం కారణం.

1315–17 కరువు, 1348–49 ప్లేగు తర్వాత కూలీలు కరువయ్యారు, చాలా కుటుంబాలు చితికిపోయాయి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని చాల్‌గ్రోవ్‌లో బారెంటిన్ కుటుంబపు లోగిలి మాత్రం 15వ శతాబ్దం దాకా నిలిచింది. 1970ల చివర్లో తవ్వితే దాని నక్షా బయటపడింది. కర్ర చట్రపు ఇళ్లకు లోతైన పునాదులుండవు. కలపను విప్పి వేరేచోట వాడుకునేవారు, మిగిలినదాన్ని నాగలి చెరిపేసేది.

కందకం ఏ కాలానిదో తేల్చడంలోనే అసలు చిక్కు. వాడుకలో ఉన్నన్నాళ్లూ కందకంలో పూడిక తీసేవారు కాబట్టి అడుగున దొరికే వస్తువులు తవ్విన నాటివి కాకపోవచ్చు, వదిలేసిన నాటివి కావచ్చు. తడి బురదలో గాలి ఆడదు గనుక కర్ర, తోలు, గింజలు కుళ్లకుండా ఉంటాయి. నీరు తోడేస్తే అవీ పాడవుతాయి.

పూడిపోయిన కందకాన్ని వెతకాలంటే లైడార్ పటాలు (విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచి గీసినవి) చూడండి. ఎండలు ముదిరిన వేసవిలో దాని మీది పైరు పచ్చగా, ఏపుగా ఉంటుంది.