ముందు అద్దం మార్పించే షాపులో మొదట చూడాల్సింది గమ్ము

గుంటూరు నుంచి మీరు అడిగింది ఇది: కంకర లారీ నుంచి రాయి ఎగిరి తగిలి కారు ముందు అద్దం అడ్డంగా చీలింది. కంపెనీ సర్వీస్ సెంటర్ చెప్పిన రేటులో సగానికే విజయవాడ ఆటోనగర్‌లో వేస్తామంటున్నారు. వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చండి, కాకపోతే షాపు చూసి. ఆటోనగర్‌లో లారీ, బస్సు అద్దాలను రబ్బరు బీడింగ్‌లో బిగించేవాళ్లున్నారు, కారు అద్దాలను గమ్ముతో అతికించేవాళ్లూ ఉన్నారు. రెండూ వేర్వేరు పనులు. ఇప్పటి కార్లలో ముందు అద్దం బాడీలో భాగమే. బండి బోల్తా పడితే టాపు నలిగిపోకుండా ఆపడంలో దానికీ వాటా ఉంది. చాలా కార్లలో ఎడమ సీటు ఎయిర్‌బ్యాగ్ పైకి విచ్చుకుని, అద్దాన్ని ఆనుకుని మనిషి వైపు తిరుగుతుంది. అతుకు బలంగా లేకపోతే ఆ దెబ్బకు అద్దం ఊడిపోతుంది, బ్యాగ్ ఉండాల్సిన చోట ఉండదు. అందుకే అందరూ అద్దం ఏ కంపెనీదని అడుగుతారు గానీ, నేను మొదట గమ్ము అడగమంటాను.

కారుకు వాడాల్సింది పాలీయురేథేన్ సీలెంట్. షాపుల్లో పీయూ అంటారు. సికా, 3ఎం లాంటి కంపెనీలవి దొరుకుతాయి. ట్యూబు చేతిలోకి తీసుకుని ఎక్స్‌పైరీ తేదీ చూడండి. గాలిలో తేమతో గట్టిపడే సరుకు కాబట్టి పాతబడితే ట్యూబులోనే పాడవుతుంది. సగం వాడి మూత పెట్టిన ట్యూబు వద్దనండి. బాత్రూమ్ టైల్స్‌కి వాడే సిలికాన్ తీస్తే మాత్రం అక్కడి నుంచి వచ్చేయండి. దానికి ఆ బలం ఉండదు. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకమైతే రేకును తుప్పు పట్టిస్తుంది కూడా. పైగా ఒకసారి సిలికాన్ అంటిన చోట తర్వాత పీయూ సరిగ్గా పట్టదు.

పని జరుగుతున్నప్పుడు దగ్గరే నిలబడండి. పాత అద్దాన్ని వైరుతో కోసి తీశాక ఫ్రేమ్ మీద పాత గమ్ము మిగులుతుంది. దాన్ని రేకు కనిపించేదాకా గీకేయకూడదు. 1 నుంచి 2 మిల్లీమీటర్ల మందాన చదునుగా కోసి వదిలితే కొత్త పీయూ దాని మీద బాగా పట్టుకుంటుంది. బ్లేడు తగిలి పెయింట్ లేచిన ప్రతి గీతకూ ప్రైమర్ రాసి, ఆరనివ్వాలి. ఈ ఒక్క పని వదిలేస్తే ఏడాది రెండేళ్లలో లోపల తుప్పు ఉబ్బి, అతుకును లేపేస్తుంది. పైకి ఏమీ కనబడదు. వానాకాలంలో కాళ్ల కింద కార్పెట్ తడిసినప్పుడు తెలుస్తుంది. చాలా కార్లలో ఫ్యూజ్ బాక్స్ డ్యాష్‌బోర్డు కిందే ఉంటుంది కాబట్టి నీళ్లు అక్కడికి చేరితే ఖర్చు అద్దంతో ఆగదు.

కొత్త అద్దం అంచున నల్లటి పట్టీని క్లీనర్‌తో తుడిచి, కంపెనీ చెప్పిన చోట ప్రైమర్ వేయాలి. తర్వాత దాన్ని చేత్తో ముట్టుకోకూడదు, వేలి జిడ్డు చాలు అతుకు పట్టకపోవడానికి. గమ్ము వేసే గన్ నాజిల్‌కు వీ ఆకారంలో గాటు పెడితే గమ్ము త్రికోణంగా, ఎత్తుగా పడుతుంది. చుట్టూ ఎక్కడా తెగకుండా ఒకే వరసగా పడాలి. ఇద్దరు సక్షన్ కప్పులతో పట్టుకుని ఒక్కసారిగా దించాలి. మన ఎండలో గమ్ము మీద తొందరగా పొర కడుతుంది, పొర కట్టాక అద్దం పెడితే అతుకు పైపైనే. అందుకే షెడ్డు నీడ లేకుండా రోడ్డు మీద చేసేవాళ్ల దగ్గరకు వెళ్లకండి. వాన జల్లు పడేచోటా వద్దు.

బండి ఎన్ని గంటలకు తీయొచ్చో ఆ ట్యూబు కంపెనీయే చెబుతుంది. రకాన్ని బట్టి గంట నుంచి చాలా గంటలదాకా ఉంటుంది. "వెంటనే తీసుకెళ్లండి సార్" అంటే వాళ్లకు ఆ పని తెలియదని అర్థం. మామూలు పీయూ రోజుకు 3 నుంచి 4 మిల్లీమీటర్లే గట్టిపడుతుంది, కాబట్టి అనుమానముంటే రాత్రికి అక్కడే ఉంచండి. మొదటి 2 రోజులు ప్రెషర్ వాష్ వద్దు. డోరు వేసేటప్పుడు ఒక కిటికీ కొంచెం దించి ఉంచండి, లేకపోతే లోపలి గాలి ఒత్తిడికి పచ్చి అతుకు కదులుతుంది. మర్నాడు పైపుతో కింద నుంచి పైకి నెమ్మదిగా నీళ్లు పట్టించి, లోపల అంచులు తడిమి చూడండి.

అద్దం సంగతికొస్తే, మూలన లామినేటెడ్ (రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న రకం) అని, ఐఎస్‌ఐ గుర్తు, సేఫ్టీ గాజు ప్రమాణం నంబరు ఐఎస్ 2553 అని అద్దంలోనే ముద్ర ఉండాలి. స్టిక్కర్ లెక్కలోకి రాదు. ఏఐఎస్ (అసాహి ఇండియా), సెయింట్ గోబెయిన్ లాంటి కంపెనీల అద్దాలు షోరూమ్ బయటా దొరుకుతాయి. సగం రేటు అనగానే కంగారుపడక్కర్లేదు, కానీ మీ వేరియంట్‌కు సరిపోయేదేనా చూడండి. రెయిన్ సెన్సర్ ఉంటే దాని జెల్ ప్యాడ్ కొత్తది వేయించాలి. అద్దం వెనక కెమెరా ఉన్న కారైతే, అంటే లేన్ చూసుకుని తనే బ్రేక్ వేసే రకమైతే, నా మాటగా సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. కెమెరాకు మళ్లీ క్యాలిబ్రేషన్, అంటే దాని చూపును సరిచేసే పరికరం లేని షాపులో పని సగమే అవుతుంది.

ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే గాజుకు తరుగు (డిప్రిసియేషన్) కోయరు. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా మీరు భరించాల్సింది 1000 రూపాయలు, ఆ పైన 2000. గమ్ము లాంటి కన్స్యూమబుల్స్ మీ మీదే పడవచ్చు. అయితే క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు పోతుంది, బోనస్ రక్షణ యాడ్-ఆన్ ఉంటే తప్ప. ఆ తగ్గింపు 50 శాతం దాకా వచ్చినవాళ్లు రెండు లెక్కలూ వేసుకున్నాకే ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేయండి. క్లెయిమ్ చేసేటట్టయితే వాళ్ల సర్వేయర్ చూసేదాకా అద్దం ముట్టనివ్వకండి.

పాత అద్దంతో పాటు ఫాస్టాగ్ కూడా పోతుంది. ఒలిచి మళ్లీ అంటిస్తే పనిచేయదు. అదే బ్యాంకుకు ముందే చెప్పి కొత్తది తెప్పించుకుంటే, తిరుగు ప్రయాణంలో కాజ టోల్ గేటు దగ్గర ఆగాల్సిన పని ఉండదు.