పాడైన డిస్కుల్లోంచి డేటా తీస్తానంటున్నాడు.. అదీ ఒక కెరీరేనా?

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. తోటివాళ్లంతా సైబర్ సెక్యూరిటీ కోర్సుల్లో చేరుతుంటే వీడు పాడైన హార్డ్ డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు ముందేసుకుని కూర్చుంటాడు. డేటా రికవరీలోనే స్థిరపడతానంటున్నాడు. ఈమధ్య బంధువుల డిస్క్ ఒకటి తెరుచుకోవడం లేదంటే ఇంటికి తెచ్చి, మూడు రాత్రుళ్లు కంప్యూటర్ ఆపకుండా నడిపాడు. విసుగొచ్చి నేనే స్విచ్ కట్టేశాను. ఇంత చదివించింది రిపేర్ పని కోసమా? డేటా రికవరీ, సైబర్ సెక్యూరిటీ రెండింట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి. - ఒక తల్లి

జవాబు: అమ్మా, పోల్చి చెప్పమన్నారు, చెబుతాను. కానీ మీ ఉత్తరంలో నా కళ్లు ఆగింది ‘రిపేర్ పని’ అన్న మాట దగ్గర. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తూనే ఉంటాయి. ఒకసారి సౌండ్ ఇంజినీరింగ్, ఒకసారి గడియారాలు, ఇప్పుడు డిస్కులు. అడుగున ఉన్న దిగులు మాత్రం ఒక్కటే. నలుగురూ నడిచే దారిలో మనవాడు నడవకపోతే రేపు వాడి గతేమిటి, ఎవరైనా అడిగితే మనం ఏమని చెప్పుకోవాలి? మొదటి సగం తల్లి దిగులు, దానికి నేను జవాబు చెప్పగలను. రెండో సగం మీ అబ్బాయి సమస్య కాదమ్మా. దాన్ని వాడి నెత్తిన పెట్టకండి.

ముందు ఆ మూడు రాత్రుళ్ల సంగతి చూద్దాం. మీవాడు బహుశా డీడీరెస్క్యూ లాంటి ప్రోగ్రాం నడుపుతూ ఉండి ఉంటాడు. అది పాడైన డిస్కును మామూలుగా కాపీ చేయదు. తేలిగ్గా వచ్చే భాగాలను ముందు లాగేసుకుంటుంది. మొండికేసిన చోట ఆగకుండా దాటిపోయి, అవతలి మంచి భాగాలు భద్రమయ్యాక వెనక్కి వచ్చి ఆ మొండి చోట్లను చిన్న చిన్న ముక్కలుగా మళ్లీ అడుగుతుంది. ఎక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు అన్నది మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. ఒక్కో మొండి సెక్టార్ (డేటా రాసుకునే చిన్న గడి) దగ్గర డిస్క్ సెకన్ల తరబడి తంటాలు పడుతుంది కాబట్టి, అలాంటివి వేలల్లో ఉంటే మూడు రాత్రుళ్లు ఎక్కువేం కాదు. మ్యాప్ ఫైల్ పెట్టుకుని ఉంటే వాడి కష్టం వృథా కాలేదు, ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతుంది. కానీ నీరసించిన డిస్క్ ఒకసారి ఆగితే మళ్లీ తిరుగుతుందన్న హామీ లేదు. మీకు తెలియక చేశారు, సరే. తెలుసుకోవడానికి ‘ఏం చేస్తున్నావురా?’ అని ఒక్కమాట అడిగితే సరిపోయేది. మూడు రాత్రుళ్లు పక్కగదిలోనే ఉండి అడగలేదు, నాలుగో రోజు నాకు ఉత్తరం రాశారు. మీమీద కోపంతో అనడం లేదు. వాడు ఎందుకు మేలుకున్నాడో మీ ఇద్దరి మధ్య మాట జరిగి ఉంటే ఈ ప్రశ్నలో సగం ఉండేది కాదు.

ఇక ఆ పని ఎలా ఉంటుందో చూడండి. కొన్నేళ్ల కిందట నా దగ్గర సలహా తీసుకున్న అమ్మాయి ఒకరు ఇప్పుడు ఒక రికవరీ ల్యాబ్‌లో ఉంది. తను డిస్కులో డేటా చదివే హెడ్లు మారుస్తుంటే ఒకరోజు పక్కన కూర్చుని చూశాను. వడకట్టిన గాలి ఒకే వైపు మెల్లగా వీచే బల్ల, దానిమీద మూత తీసిన డిస్క్, లోపల అద్దంలా మెరిసే పళ్లేలు. డిస్క్ నడుస్తున్నప్పుడు హెడ్లు ఆ పళ్లేల మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ చదువుతాయి. మన వెంట్రుక మందం దానికి వేల రెట్లు. కింద పళ్లెం నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంటే మధ్యలో ఒక దుమ్ము కణం పడిందంటే గీత పడ్డట్టే. గీత పడిన చోట ఉన్నది ఇక ఎవరికీ రాదు.

పక్కనే విడిభాగాల కోసం అదే రకం డోనర్ డిస్క్ ఒకటి పెట్టుకుంది. సన్నటి ప్లాస్టిక్ దువ్వెన లాంటిదాన్ని హెడ్ల మధ్యకు జరిపి, పై హెడ్డు కింది హెడ్డుకు తగలకుండా పట్టి, మొత్తం అమరికను డోనర్‌లోంచి తీసి ఇందులోకి దించింది. అంతసేపూ తను మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. కరెంటు ఇచ్చి మొదట చేసిన పని చెవి దగ్గర పెట్టి వినడం. హెడ్లు పాడైతే వినిపించే టక్ టక్ లేదు. ఇక ఫైళ్లు తీస్తుందనుకున్నాను. లేదు, డిస్క్ తన కోసం దాచుకునే ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) భాగాన్ని ముందు కాపీ చేసుకుంది. తర్వాత ఏ హెడ్డు ఎంత బలంగా ఉందో చూసింది. నాలుగింట్లో ఒకటి బలహీనం. మిగిలిన మూడు హెడ్లు చదివేదంతా ముందు తీసి, దాన్ని ఆఖరుకు వదిలింది. సాయంత్రానికి పనయ్యాక రెండు ఫొటోలు తెరిచి, సరిగ్గా వస్తున్నాయని చూసుకుని మూసేసింది. మిగతావి చూడవా అన్నాను. “అవి నావి కావు కదా మేడమ్” అంది. ఈ వృత్తిలో చేతినైపుణ్యం ఎంత ముఖ్యమో ఆ మాటా అంతే ముఖ్యం.

దీన్ని రిపేర్ అంటే అనండి. అందులో తప్పేం లేదు, చిన్నతనమూ లేదు. 2003లో కొలంబియా స్పేస్ షటిల్ కూలిపోయినప్పుడు శిథిలాల్లో కాలిపోయిన హార్డ్ డిస్క్ ఒకటి దొరికింది. జినాన్ వాయువు స్నిగ్ధత మీద కక్ష్యలో చేసిన ప్రయోగం ఫలితాలు కొన్ని అందులోనే ఉండిపోయాయి. క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థ ఇంజినీర్లు పళ్లేలను శుభ్రం చేసి, వేరే డిస్కులో అమర్చి దాదాపు 99 శాతం డేటా బయటికి తీశారు. 2008లో ఆ ఫలితాలు ప్రచురణ అయ్యాయి. పళ్లేలు వంకర పోకపోవడం, పాత డాస్ సిస్టమ్ కావడంతో డేటా చెల్లాచెదురు కాకుండా ఒకచోటే ఉండటం కలిసొచ్చాయి. అదే షటిల్‌లో దొరికిన మరో రెండు డిస్కుల్లోంచి మాత్రం ఏమీ రాలేదు. ఈ రెండో సంగతి మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి. ఈ పనిలో చేతులెత్తేయాల్సిన రోజులు ఉంటాయి. ఎదుట కూర్చున్న మనిషికి ‘మీ పాప ఫొటోలు రావండీ’ అని చెప్పాల్సి వస్తుంది. ఆ మాట చెప్పగలడా అన్నది వాడే ఆలోచించుకోవాలి.

ఇప్పుడు ఈ రంగంలో నాకున్న సందేహాలు చెబుతాను. ఇది చిన్న రంగం. పెద్ద కంపెనీలు వందలమందిని ఒకేసారి తీసుకునే చోటు కాదు. పైగా మీవాడు వీడియోల్లో చూసి ముచ్చటపడే మూత తీసిన హార్డ్ డిస్క్ ఈ కథలో సగమే. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లలో ఉండేది ఎక్కువగా ఎస్ఎస్‌డీ, అంటే మెమరీ చిప్‌లలో డేటా దాచే డ్రైవ్. అందులో తిరిగేదీ లేదు, టక్ టక్‌మనేదీ లేదు. ఫైల్ చెరిపేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ ట్రిమ్ అనే ఆదేశంతో ‘ఈ చోటు నాకిక అక్కర్లేదు’ అని డ్రైవ్‌కు చెప్పేస్తుంది. ఆ తర్వాత అక్కడ చదివితే చాలాసార్లు వచ్చేవి సున్నాలే. డ్రైవ్‌ను నడిపే కంట్రోలర్ చిప్ కాలిపోతే మెమరీ చిప్‌లు పీకి విడిగా చదవొచ్చు కదా అనుకుంటారు. చాలా డ్రైవ్‌లలో కంట్రోలర్ డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే రహస్య సంకేతాలుగా మార్చి రాస్తుంది కాబట్టి అలా చదివితే దక్కేది అర్థంలేని అంకెల కుప్ప. ఫోన్లలోనూ ఇంతే, ఆ సంకేతాలు విప్పే తాళంచెవి ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. అందుకే ఇప్పుడు సూక్ష్మదర్శిని కింద ఒరిజినల్ బోర్డునే బాగుచేసి మళ్లీ ప్రాణం పోయగలిగిన చేతికి గిరాకీ పెరిగింది. సాఫ్ట్‌వేర్ ఒక్కటే నేర్చుకుని ‘డేటా రికవరీ ఇంజినీర్’ అనుకునేవాళ్ల దగ్గరకు వచ్చే పని ఏటేటా తగ్గుతుంది.

హార్డ్ డిస్కుల కాలం అయిపోయిందా అంటే, కాలేదు. ఇళ్లలో తగ్గాయి, డేటా సెంటర్లలో ఇప్పుడు 30 టెరాబైట్ల డిస్కులు తిరుగుతున్నాయి. హీలియం నింపి మూసినవి వచ్చాయి, ట్రాకులను పెంకుల్లా ఒకదానిమీద ఒకటి పడేలా రాసేవి వచ్చాయి. అవి పాడైతే పాత విద్యలు సరిపోవు, కొత్తగా నేర్చుకోవాలి. అంటే ఈ రంగంలోకి దిగినవాడు జీవితాంతం విద్యార్థే. అది వాడికి ఇష్టమో కాదో మీకన్నా వాడికే తెలుసు.

సైబర్ సెక్యూరిటీ దగ్గరికి వద్దాం. ఎంట్రన్సులు, సీట్లు, ఫీజుల గురించి మీకు నాకన్నా బాగా తెలిసే ఉంటుంది, వాటిని వదిలేస్తున్నాను. అది నిజంగా పెద్ద రంగం, ఉద్యోగాలు ఎక్కువ, అందులో సందేహం లేదు. నా సందేహమంతా దాని పేరుతో అమ్ముడవుతున్న పొట్టి కోర్సుల మీద. ‘ఎథికల్ హ్యాకింగ్’, ‘డిజిటల్ ఫోరెన్సిక్స్’ అని ఆరు వారాల సర్టిఫికెట్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. టూల్‌లో ఏ బటన్ నొక్కాలో చెబుతారు. ఆ బటన్ వెనక ఏం జరిగిందని అడిగితే బిక్కమొహం వేస్తారు. తప్పు వాళ్లది కాదు, అంతవరకే నేర్పారు. నెట్‌వర్క్ ఎలా నడుస్తుందో, ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఏముందో తెలియకుండా సెక్యూరిటీ రాదు. అలా చేరినవాళ్లలో చాలామంది రాత్రి షిఫ్టుల్లో తెరమీద వచ్చే అలర్ట్‌లు మూస్తూ రెండేళ్లు గడిపి, ఇదా మేం అనుకున్నదని మళ్లీ నా దగ్గరికే వచ్చారు.

డిజిటల్ ఫోరెన్సిక్స్ మీవాడి ఇష్టానికి పక్కిల్లే, కానీ ఆ ఇంటి పద్ధతి వేరు. రికవరీలో ఫైల్ దక్కితే పని అయినట్టు. ఫోరెన్సిక్స్‌లో దక్కించుకున్నాక అసలు పని మొదలవుతుంది. డిస్కులో ఒక్క బైట్ మారకుండా రైట్ బ్లాకర్ పెట్టాలి. కాపీ తీసి దాని హాష్ విలువ (డేటాకు వేలిముద్ర లాంటి అంకె) అసలుదానితో సరిపోయిందని చూపాలి. డిస్క్ ఏ రోజు ఎవరి చేతిలో ఉందో రాసుకోవాలి. చివరికి కోర్టులో నిలబడి లాయర్ అడిగే ప్రశ్నలకు తడబడకుండా జవాబివ్వాలి. రోజులో ఎక్కువ భాగం రిపోర్టులు రాయడమే. రాత అంటే ఇష్టమున్న పిల్లలకు ఇది చక్కని దారి. మీ ఉత్తరాన్ని బట్టి మీవాడు ఆ కోవలోకి వస్తాడో లేదో నేను చెప్పలేను, వాడినే అడగండి.

నా ఉద్దేశం ఇది. వాడిని రెండింట్లో ఒకటి ఎంచుకోమని ఇప్పుడే నిలదీయకండి. ఇంకా రెండేళ్లు చేతిలో ఉన్నాయి. ఈ రెండేళ్లలో సీ, పైథాన్, లినక్స్ గట్టిగా నేర్చుకోమనండి. మల్టీమీటర్ పట్టడం, సోల్డరింగ్ చేయడం అలవాటు చేసుకోమనండి. పాత పెన్‌డ్రైవ్‌లో పది ఫొటోలు వేసి, చెరిపేసి, డ్రైవ్ మొత్తానికి ఇమేజ్ (అచ్చు కాపీ) తీసి, బైట్లను ఉన్నవున్నట్టు చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరవమనండి. ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ సాయమూ లేకుండా జేపెగ్ ఫొటో మొదలయ్యే ‘ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్’ గుర్తు వెతికి, ‘ఎఫ్ఎఫ్ డీ9’ దగ్గర ముగింపు పట్టుకుని, ఆ రెండు గుర్తులతో సహా మధ్య భాగాన్ని కోసి కొత్త ఫైల్‌గా దాచి తెరిస్తే బొమ్మ రావాలి. కొన్నిసార్లు సగమే వస్తుంది, కింద సగం బూడిదరంగు. అప్పుడు ఫైల్ ముక్కలై వేర్వేరు చోట్ల ఉందని తెలుస్తుంది. ఏ ఫైల్ ముక్క ఎక్కడుందో రాసుకునే ఫైల్ సిస్టమ్ ఎందుకుందో ఆ బూడిదరంగు చెప్పినంత బాగా ఏ క్లాసూ చెప్పదు. తర్వాత నాలుగు ఉత్తుత్తి డిస్కులతో రెయిడ్-5 (ఒక డిస్క్ పోయినా డేటా పోకుండా పంచి దాచే అమరిక) కట్టి, ఒకటి తీసేసి, పోయినదాన్ని మిగిలిన మూడింటి బిట్లను కలిపే ఎక్స్‌ఆర్ లెక్కతో తానే రాబట్టమనండి.

ఇదంతా చేసినవాడికి రికవరీ ల్యాబ్ ఒక్కటే గతి కాదు, మీరు నిశ్చింతగా ఉండండి. స్టోరేజ్ కంపెనీల్లో ఫర్మ్‌వేర్ రాసేవాళ్లు, ఎస్ఎస్‌డీలను పరీక్షించేవాళ్లు, బ్యాకప్ వ్యవస్థలు కట్టేవాళ్లు, డేటా సెంటర్ల బాగోగులు చూసేవాళ్లు, ఫోరెన్సిక్ నిపుణులు, అందరికీ పునాది ఇదే. రేపు మనసు మారి సైబర్ సెక్యూరిటీకే వెళ్లినా, పొట్టి కోర్సు చేసి వచ్చినవాడికన్నా వీడు ముందుంటాడు. డేటా రికవరీ నేర్పుతామనే సంస్థ ఏదైనా కనిపిస్తే మాత్రం, పాడైన డిస్కులు చేతికిచ్చి పని చేయిస్తారా అని ముందు అడగండి. ‘ఏ డేటా అయినా నూటికి నూరు శాతం తెస్తాం’ అన్నారంటే అక్కడ చేర్చకండి. ఒక్కసారి మీద వేరే డేటా రాసేసిన సెక్టార్లోంచి పాతది తేవడం నేటి హార్డ్ డిస్కుల్లో జరిగే పని కాదు. ఆ ముక్క నిజాయితీగా చెప్పేవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

ఆ బంధువుల డిస్క్ ఇంకా ఇంట్లోనే ఉందనుకుంటాను. కరెంటు ఇస్తే టక్ టక్‌మంటుంటే ఇక దాన్ని ముట్టుకోవద్దనండి, ఎంత సరదా ఉన్నా మూత విప్పనివ్వకండి, ల్యాబ్‌కు పంపమనండి. మెత్తగా తిరుగుతుంటే మాత్రం మ్యాప్ ఫైల్ జాగ్రత్తగా పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టమనండి, ఈసారి డిస్క్ చివరి నుంచి వెనక్కి చదివించమనండి. ముందు నుంచి రానివి కొన్ని అలా వస్తాయి. ఆ స్విచ్ దగ్గర ‘ఆపవద్దు’ అని ఒక కాగితం అంటించండి, మీ చేత్తోనే రాసి.