వెనుక చక్రం టక్కుమంటే: లింకేజీ బేరింగులకు ఇంట్లోనే గ్రీజు

'అన్నా, మాది దేవరకొండ. బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. పాత 600 సీసీ బండి కొన్నాను. వెనుక చక్రం పట్టుకుని పైకి లేపితే టక్కుమంటోంది. లింకేజీ బేరింగులు పోయి ఉంటాయని, విప్పితేగాని ఖర్చు చెప్పలేమని షాపువాళ్లు అంటున్నారు. ఇంట్లో చేసుకోవచ్చా? నల్లగొండలో మా నాన్న ఏళ్ల తరబడి బండి నడుపుతున్నారు. ఈ గొడవ ఆయన నోట ఎప్పుడూ వినలేదు.'

ఎలా వింటావు తమ్ముడూ? ఆయన బండికి వెనుక రెండు షాక్ అబ్జార్బర్లు, స్వింగ్ ఆర్మ్‌కు (వెనుక చక్రాన్ని పట్టి ఉంచి పైకీ కిందికీ ఊగే చేతికి) రబ్బరు బుష్‌లు ఉండి ఉంటాయి. నీ బండికి ఒకటే షాక్. దానికీ స్వింగ్ ఆర్మ్‌కూ మధ్య చిన్న మీటలు (వీటినే లింకేజీ అంటారు), ఆ మీటల్లో సూదుల్లాంటి సన్నని ఉక్కు కడ్డీలున్న సూది బేరింగులు ఉంటాయి. ఇవి చక్రం బేరింగులా గుండ్రంగా తిరగవు, ఉన్నచోటే కాస్త అటూ ఇటూ ఊగుతాయి. అందుకే పక్కకు జరిగిన గ్రీజు మళ్లీ వెనక్కి రాదు. పైగా చక్రం చిమ్మే నీళ్లన్నీ పడేది అక్కడే. మన దగ్గర పడేది దుమ్ము, వానాకాలంలో బురద. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ నీరు సీలు దాటి లోపలికి పోతే సూదులు తుప్పు పడతాయి. ఎన్ని మైళ్లు తిరిగావన్నది కాదు, ఎన్ని చలికాలాలు నడిపావన్నదే లెక్క. సర్వీసు పుస్తకం నిండా ముద్రలున్నా నమ్మకు. మామూలు సర్వీసులో లింకేజీ విప్పేవాళ్లు అరుదు.

చేసుకోవచ్చు. అయితే ముందుగా స్టాండు సంగతి. స్వింగ్ ఆర్మ్ కింద పెట్టి లేపే ప్యాడాక్ స్టాండు ఈ పనికి పనికిరాదు. లింకేజీ బోల్టు తీయగానే బండి వెనుక భాగం కూలబడుతుంది. సెంటర్ స్టాండు ఉంటే మంచిది, లేకపోతే బరువంతా ఫ్రేము మీదో ఫుట్‌పెగ్గుల మీదో ఆగేలా గట్టి ఆధారం కావాలి. సైలెన్సర్ కింద ఏదీ పెట్టవద్దు. ఈ విషయంలో తొందరపడేవాడు పానా ముట్టకపోవడమే మేలు.

విప్పే ముందు చక్రాన్ని పక్కలకు కూడా ఊపి చూడు. అప్పుడూ ఆడుతుంటే తప్పు స్వింగ్ ఆర్మ్ ఇరుసులోనో చక్రం బేరింగులోనో ఉండవచ్చు. ఒక్కోసారి షాక్ పైబోల్టు వదులై కూడా ఇదే శబ్దం వస్తుంది.

ఇక టైరు కింద చెక్క ముక్కలు పేర్చి చక్రం బరువు సరిగ్గా మోయించు. బరువు పోగానే బోల్టు చేత్తో లాగినా వస్తుంది. సుత్తి అవసరపడుతోందంటే ఎత్తు కుదరలేదనో, బోల్టు తుప్పుకు పట్టేసిందనో అర్థం. ఏ బోల్టు ఎటునుంచి వచ్చిందో, ఏ వాషర్ ఎక్కడిదో ఫోనులో ఫోటోలు తీసుకో. లోపలి ఉక్కు గొట్టాన్ని పళ్లెం పైన పట్టి మెల్లగా తియ్యి. కొన్ని బేరింగుల్లో సూదులను పట్టి ఉంచే పంజరం ఉండదు, జలజలా రాలిపోతాయి. అన్నీ దొరికాయో లేదో లెక్కపెట్టుకోవాలి.

కిరోసిన్‌తో కడిగి, తుడిచి, వెలుతురులో చూడు. గొట్టం నున్నగా మెరుస్తుంటే అదృష్టవంతుడివి. గోరు తగిలే గాడులున్నా, తుప్పు గుంటలున్నా గ్రీజుతో బాగుపడదు. బేరింగు, గొట్టం, సీళ్లు కలిపి మార్చాల్సిందే. నీ బండికి ఇప్పటికే శబ్దం వస్తోంది కాబట్టి దానికే సిద్ధపడు. పాతది తీసే ముందు అది అంచునుంచి ఎంత లోతులో ఉందో కొలిచి రాసుకో. కొత్తదాన్ని సుత్తితో కొట్టవద్దు. పొడవాటి మరల కడ్డీ, వాషర్లు, నట్లు పెట్టి బిగిస్తూ పోతే తిన్నగా లోపలికి వెళుతుంది. ముందురోజు రాత్రి బేరింగును ఫ్రీజర్‌లో పెడితే ఇంకా సులువు. (ఇల్లు పంచుకుని ఉంటున్నట్లయితే పచ్చళ్ల డబ్బాలకు దూరంగా పెట్టు.)

నీటికి కొట్టుకుపోని గ్రీజు కొను, పడవల సామాన్లకు వాడే రకం చక్కగా పనిచేస్తుంది. సూదుల సందుల్లోకి వేలితో నొక్కి నింపాలి, పైపైన పూస్తే ప్రయోజనం లేదు. బయటికి ఉబికినది తుడిచేయి, లేకపోతే మట్టి పట్టుకుంటుంది. బోల్టులను మాన్యువల్‌లో నీ మోడల్‌కు ఇచ్చిన లెక్క ప్రకారం, బిగింపును కొలిచే టార్క్ రెంచ్‌తోనే బిగించు. తర్వాత బండి కడిగేటప్పుడు ప్రెషర్ గన్ అటు తిప్పకు.

కిరోసిన్ మురికిని కాలువలో పోయవద్దు. డబ్బాలో పట్టి కౌన్సిల్ రీసైక్లింగ్ కేంద్రంలో అడుగు. డ్రైవ్‌వే మీద మందపాటి అట్ట పరుచుకో. నూనె మరక కనబడితే ఇంటి యజమాని డిపాజిట్‌లో కోస్తాడు. మూడేళ్లు దాటిన బండికి ఇక్కడ ఏటా ఎంఓటీ (బండి ఫిట్‌నెస్ పరీక్ష) తప్పదు, అక్కడ ఈ వదులును పట్టుకుంటారు. పని ఆ తేదీకి ముందే, ఉప్పు చల్లే కాలం రాకముందే ముగించు.

ఇదంతా చదివి నాన్నగారి బండికీ గ్రీజు పెట్టించమని ఫోను చేసేవు. రబ్బరు బుష్‌లకు పెట్టకూడదు, మామూలు గ్రీజుకు రబ్బరు ఉబ్బి పాడవుతుంది. అరిగితే మార్చడమే. మార్చినప్పుడు బండిని చక్రాల మీద నిలబెట్టి, బరువు పడ్డాకే చివరి బిగింపు బిగించమని మెకానిక్‌కు చెప్పమను. చక్రం వేలాడుతుండగా బిగిస్తే బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది.