బ్లాగు సందేహాలు: షేర్ బటన్లు, ‘ఇవీ చదవండి’ పెట్టెలు

ప్రశ్న: బ్లాగర్‌లో చాలా ఏళ్లుగా వంటల బ్లాగు రాస్తున్నాను. మొదట్లో ఎక్కడో ఉచితంగా దొరికిన మూస (టెంప్లేట్) పెట్టుకున్నాను. కొన్నాళ్లుగా టపా కింద షేర్ బటన్లు కనిపించడం లేదు, ఆ చోటంతా ఖాళీగా ఉంటోంది. పేజీ తెరుచుకోవడానికీ చాలాసేపు పడుతోంది. ఏ విడ్జెట్ పెట్టుకోమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కొత్తది పెట్టేముందు పాతదాన్ని తీసేయాలండీ. అప్పటి ఉచిత మూసల్లో చాలావాటికి షేర్ బటన్లు ఇచ్చే ‘యాడ్‌దిస్’ అనే సేవ కోడ్ ఉండేది. ఆ సేవను 2016లో ఒరాకిల్ కొనుక్కుంది, 2023 మే 31న మూసేసింది. బటన్లను గీసే స్క్రిప్టు వాళ్ల సర్వర్ నుంచి రావాలి. అది రాదు కాబట్టి ఆ చోటు ఖాళీ. మీ పేజీ మాత్రం తెరిచిన ప్రతిసారీ దానికోసం అడుగుతూనే ఉంటుంది. 2019 ఏప్రిల్‌లో మూతపడిన గూగుల్ ప్లస్ బటన్ కోడ్ కూడా మీ మూసలో మిగిలే ఉండొచ్చు.

పనిచేయని కోడ్ వల్ల నష్టమేముందిలే అని వదిలేయకండి. మూతపడిన సేవల డొమైన్లు చేతులు మారుతుంటాయి. ‘పాలీఫిల్ డాట్ ఐఓ’ అనే స్క్రిప్టు డొమైన్‌ను 2024 ఫిబ్రవరిలో వేరే కంపెనీ కొన్నది. జూన్ కల్లా ఆ స్క్రిప్టు పెట్టుకున్న లక్షకు పైగా సైట్ల పాఠకుల్లో కొందరు మోసపు పేజీలకు మళ్లిపోయారు. ఆ సైట్ల వాళ్లు తమ కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. బయటి స్క్రిప్టు పెట్టుకోవడమంటే మన ఇంటి తాళం ఇంకొకరి దగ్గర ఉంచడమే.

తీసే పద్ధతి ఇది. బ్లాగర్‌లో ‘థీమ్’కు వెళ్లి, ‘అనుకూలీకరించు’ పక్కనున్న బాణం నొక్కి, ముందు బ్యాకప్ దించుకోండి. ఆ తర్వాత అదే మెనూలో హెచ్‌టీఎంఎల్ సవరణ తెరిచి, కోడ్ మీద ఒకసారి నొక్కి, కంట్రోల్-ఎఫ్‌తో ‘యాడ్‌దిస్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో వెతకండి. రెండు రకాల ముక్కలు దొరుకుతాయి: ఒకటి స్క్రిప్టు, రెండోది బటన్లు కూర్చునే డివ్. రెండూ తీసేయాలి. డివ్ తీసేటప్పుడు దాని ముగింపు ట్యాగ్ మర్చిపోతే మూస సేవ్ కాదు. ‘లేఅవుట్’లో హెచ్‌టీఎంఎల్/జావాస్క్రిప్ట్ గాడ్జెట్లు కూడా చూడండి. చాలామంది కోడ్‌ను అక్కడే అతికించి మర్చిపోతారు.

ఇక కొత్త బటన్లు. విడ్జెట్ అక్కర్లేదు, మామూలు లింకులు చాలు. వాట్సాప్‌కు ‘డబ్ల్యూఏ డాట్ ఎంఈ’ చిరునామా, స్లాష్, ప్రశ్నార్థకం, ‘టెక్స్ట్’, ఈక్వల్స్ గుర్తు, ఆపైన మీ టపా చిరునామా. ఫేస్‌బుక్‌కు షేరర్ పేజీ, టెలిగ్రామ్‌కు ‘టీ డాట్ ఎంఈ’లోని షేర్ పేజీ ఉన్నాయి. ఈ లింకులకు ఏ స్క్రిప్టూ వద్దు, పేజీ బరువు పెరగదు.

బ్లాగర్ మూసలో ఇక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి. ప్రతి టపాకూ దాని చిరునామా తనంతట తాను రావాలంటే లింకు చిరునామాను సూచించే ‘హెచ్‌రెఫ్’ అన్న మాట ముందు ‘ఎక్స్‌ప్ర్’, కోలన్ చేర్చాలి. చేర్చకపోతే ‘డేటా కోలన్ పోస్ట్ డాట్ యూఆర్ఎల్’ అనే మాటలే లింకులోకి వెళ్తాయి. రెండోది యాంపర్‌శాండ్ (&) గుర్తు. బ్లాగర్ మూస ఎక్స్‌ఎంఎల్ కాబట్టి లింకులో ఆ గుర్తును ఉన్నదున్నట్టు పెడితే సేవ్ చేసేటప్పుడు తప్పు చూపిస్తుంది. గుర్తు తర్వాత ఏఎంపీ అనే మూడు చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, సెమీకోలన్ పెట్టాలి.

‘ఎంతమంది షేర్ చేశారు’ అనే అంకె కోసం వెతకకండి. ట్విట్టర్ 2015 నవంబరులోనే ఆ లెక్క ఇవ్వడం ఆపేసింది. వాట్సాప్ షేర్లకు లెక్కే ఉండదు. మన పాఠకుల షేర్లలో ఎక్కువ భాగం వాట్సాప్‌లోనే కదా, వాటిని వదిలేసి చూపే అంకెకు అర్థం లేదు.

ప్రశ్న: మా ఊరి చరిత్ర మీద రాసిన వ్యాసం లింకు వాట్సాప్‌లో పెడితే బొమ్మ రావడం లేదు. ఒక్కోసారి సైట్ లోగో వస్తోంది. వ్యాసంలో మంచి ఫొటోలే ఉన్నాయి.
– ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: వ్యాసంలో ఫొటోలు ఉంటే చాలదు సార్, ఏ ఫొటో చూపాలో పేజీ తలభాగంలో రాసి ఉండాలి. దాన్నే ఓపెన్ గ్రాఫ్ ట్యాగ్‌లు అంటారు. ఫేస్‌బుక్ 2010లో తెచ్చిన పద్ధతి ఇది, వాట్సాప్ కూడా దీన్నే చదువుతుంది. శీర్షిక, వివరణ, చిరునామా, బొమ్మ, ఈ నాలుగూ ఉండాలి.

కంప్యూటర్‌లో మీ వ్యాసం తెరిచి కంట్రోల్-యూ నొక్కండి. వచ్చిన కోడ్‌లో ‘ఓజీ కోలన్ ఇమేజ్’ అని ఇంగ్లిష్‌లో వెతకండి. దొరకకపోతే మూసలో ఆ ట్యాగే లేదు. రెండుసార్లు దొరికితే ఎస్ఈఓ ప్లగిన్లు (గూగుల్ లాంటి వెతుకులాటల్లో సైటు బాగా కనబడటానికి పెట్టుకునే చేర్పులు) రెండు పనిచేస్తున్నట్టు. లోగో రావడానికి ఎక్కువగా కారణం ఇదే, ఒకదాన్ని ఆపేయండి. ఒక్కసారే దొరికితే ఈ కింది విషయాలు చూడండి.

బొమ్మ చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలై పూర్తిగా ఉండాలి, ‘స్లాష్ ఇమేజెస్’ అంటూ సగం చిరునామా పనికిరాదు. కొలత 1200 × 630 పిక్సెళ్లయితే ఫేస్‌బుక్‌లోనూ పెద్దగా వస్తుంది. వాట్సాప్‌కు కనీసం 300 పిక్సెళ్ల వెడల్పు కావాలి, ఫైలు 600 కేబీ దాటకూడదు. ఫోన్ కెమెరా ఫొటో నేరుగా ఎక్కిస్తే 3, 4 ఎంబీలు ఉంటుంది, బొమ్మ రాకపోవడానికి నేను మొదట అనుమానించేది దాన్నే. జేపీజీగా మార్చి 300 కేబీ లోపు ఉంచుకుంటే నిశ్చింత. ట్యాగ్‌లను జావాస్క్రిప్ట్‌తో తర్వాత చేర్చినా లాభం లేదు, లింకు చదివే యంత్రాలు సర్వర్ పంపిన కోడ్‌ను మాత్రమే చూస్తాయి.

సరిదిద్దాక కూడా పాత బొమ్మే కనబడితే కంగారుపడకండి, అది దాచుకున్న ప్రతి. ఫేస్‌బుక్‌కు ‘షేరింగ్ డీబగ్గర్’ పేజీలో చిరునామా ఇచ్చి మళ్లీ చదివించే బటన్ నొక్కాలి. వాట్సాప్‌లో బొమ్మను తయారుచేసేది పంపేవారి ఫోనే కాబట్టి, ఇప్పటికే పంపిన సందేశం మారదు. పరీక్షించడానికి చిరునామా చివర ప్రశ్నార్థకం, ‘వీ’, ఈక్వల్స్, 2 చేర్చి పంపి చూడండి. దాన్ని కొత్త చిరునామాగా తీసుకుంటుంది.

ప్రశ్న: నా బ్లాగు లింకు కాపీ చేస్తే శాతం గుర్తులతో నాలుగు వరసలు వస్తోంది. చూసినవాళ్లు వైరస్ అనుకుంటున్నారు.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చిరునామాలో తెలుగు అక్షరాలు ఉండటం వల్ల అది. అక్షరాలను కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. లింకులో ఒక్కో బైటు ఒక శాతం గుర్తు, రెండు అంకెలు లేక అక్షరాలుగా మారుతుంది. అంటే ఒక్కో గుర్తుకు 9 స్థానాలు. గుణింతాలూ విడి గుర్తులే కాబట్టి ‘పులిహోర’ అన్న చిన్న మాటకు 7 గుర్తులు, లింకులో 63 స్థానాలు. వర్డ్‌ప్రెస్ ఈ భాగాన్ని 200 స్థానాలకు కుదిస్తుంది, అంటే 22 తెలుగు గుర్తులు దాటగానే శీర్షిక మధ్యలో తెగిపోతుంది.

ప్రచురించేముందే చిరునామాను ఇంగ్లిష్ అక్షరాల్లో మూడు నాలుగు మాటలుగా రాసుకోండి. బ్లాగర్‌లో కుడివైపు ‘పెర్మాలింక్’ దగ్గర ‘కస్టమ్’ ఎంచుకోవాలి. అలా చేయకపోతే పూర్తి తెలుగు శీర్షికకు బ్లాగర్ ‘బ్లాగ్-పోస్ట్’ అని, ఆపైన అంకెలు చేర్చి వదిలేస్తుంది. శీర్షిక తెలుగులోనే ఉంచండి, దానికీ దీనికీ సంబంధం లేదు. పాత టపాల చిరునామాలను మాత్రం మార్చకండి. ఇప్పటికే షేరైన లింకులు చచ్చిపోవచ్చు.

ప్రశ్న: సాహిత్య బ్లాగుకు ‘సంబంధిత టపాలు’ ప్లగిన్ పెట్టాను. కథ మీద సమీక్ష కింద కారు ప్రయాణం టపా చూపిస్తోంది. తెలుగుకు సరిపోయే ప్లగిన్ ఉందా?
– ఒక బ్లాగరి, రాజమహేంద్రవరం

జవాబు: లోపం ప్లగిన్ ఎంపికలో లేదండీ. శీర్షికలో, వ్యాసంలో ఉన్న మాటలు పోల్చి సంబంధం వెతికే ప్లగిన్లు ఇంగ్లిష్‌కే బాగా కుదురుతాయి. మన భాషలో విభక్తి మాటకు అతుక్కుంటుంది. కథ, కథలో, కథకు, కథలని... ఇవన్నీ దానికి వేర్వేరు మాటలే. ‘చాలా’, ‘మరి’, ‘అప్పుడు’ లాంటివి ఏమీ మారకుండా ప్రతి వ్యాసంలోనూ వస్తాయి కాబట్టి వాటితోనే సంబంధం కలిపేస్తుంది. సమీక్ష కింద కారు వచ్చి చేరేది అందుకే.

అందుకని మాటల పోలికను ఆపేసి ట్యాగ్‌ల మీద ఆధారపడండి. వర్డ్‌ప్రెస్‌లో ‘యార్ప్’ (వైఏఆర్‌పీపీ) లాంటి ప్లగిన్ సెట్టింగుల్లో శీర్షిక, విషయం అన్నవాటిని పరిగణించవద్దని, ట్యాగ్‌లకు ఎక్కువ ప్రాధాన్యం ఇమ్మని పెట్టవచ్చు. మాటల పోలిక డేటాబేసుకు భారం కూడా, అది ఆపితే పేజీ త్వరగా వస్తుంది.

అప్పుడు బాధ్యత మీ ట్యాగ్‌ల మీద పడుతుంది. ఒకచోట ‘సమీక్ష’, ఇంకోచోట ‘సమీక్షలు’, మరోచోట ‘పుస్తక సమీక్ష’ అని ఉంటే యంత్రం కలపదు. ఒక కాగితం మీద 15, 20 ట్యాగ్‌లు రాసుకుని, వాటిని దాటకండి. ఒక్కో టపాకు రెండు మూడు చాలు. ‘ఇతరాలు’ అన్న ట్యాగ్ ఉంటే తీసేయండి. అది దేన్నైనా దేనితోనైనా కలిపేస్తుంది.

కంటికి కనబడని చిక్కు ఒకటుంది. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి కొన్ని కీబోర్డులు మధ్యలో శూన్య వెడల్పు అక్షరాన్ని చేరుస్తాయి. ఫోనులో రాసిన ట్యాగ్‌లో అది ఉండి, కంప్యూటర్‌లో రాసిన దాంట్లో లేకపోతే రెండు ట్యాగ్‌లు పుడతాయి. కొన్ని ఫాంట్లలో రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ట్యాగ్‌ల జాబితాలో ఒకే మాట రెండుసార్లు కనిపిస్తే అనుమానించండి. కొత్త టపాకు ట్యాగ్‌ను టైపు చేయకుండా, ఉన్న జాబితాలోంచి ఎంచుకోవడమే మందు.

బ్లాగర్ వాడేవారికి: ఒక లేబుల్‌లోని టపాల జాబితాను బ్లాగు ఫీడే (టపాల వివరాలను యంత్రాలు చదివేలా ఇచ్చే చిరునామా) జేసన్ అనే రూపంలో ఇస్తుంది, చిన్న స్క్రిప్టుతో దాన్ని చూపించవచ్చు. మీ బ్లాగు సమాచారమే కాబట్టి బయటి సంస్థతో పనిలేదు. లేబుల్ తెలుగులో ఉంటే చిరునామాలో పెట్టేముందు జావాస్క్రిప్ట్‌లోని ‘ఎన్‌కోడ్ యూఆర్ఐ కాంపొనెంట్’తో మార్చాలి. ఎనిమిది టపాలు తెప్పించి, చదువుతున్న టపాను తీసేసి, నాలుగు చూపించండి. ఫీడ్‌లో వచ్చే బొమ్మ 72 పిక్సెళ్లదే, పెద్దది చేస్తే మసకగా ఉంటుంది. బొమ్మ చిరునామాలో 72 ఉన్న ముక్కను 320కి మార్చుకోవాలి. బొమ్మలేని టపాకు ఫీడ్‌లో ఆ అంశమే ఉండదు. స్క్రిప్టు దాన్ని ముందుగా సరిచూసుకోకపోతే అక్కడ ఆగిపోయి పెట్టె మొత్తం ఖాళీ అవుతుంది.

ఇన్ని చెప్పినా, వ్యాసం మధ్యలో మీ చేత్తో పెట్టిన లింకును మించిన సిఫారసు లేదు. ‘ఈ రచయిత మరో కథ గురించి ఇక్కడ రాశాను’ అన్న వాక్యాన్ని పాఠకుడు నమ్ముతాడు.

ప్రశ్న: బ్లాగర్‌లోని ‘జనాదరణ పొందిన పోస్ట్‌లు’ గాడ్జెట్ సరిపోదా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: సరిపోదు. అది వీక్షణల లెక్కే తప్ప సంబంధం చూడదు. ‘అన్ని సమయాలు’ అని పెడితే ఎప్పుడో పేలిన ఒకే టపా ఏళ్ల తరబడి పైన కూర్చుంటుంది, పైన ఉన్నందుకే మళ్లీ వీక్షణలు తెచ్చుకుంటుంది. పెట్టుకుంటే గత 30 రోజులు అని పెట్టండి, పక్కపట్టీలో ఉంచండి, టపా కింద వద్దు.

ప్రశ్న: వ్యాసాల కింద ప్రకటనల లింకులు చూపే తబూలా, అవుట్‌బ్రెయిన్ పెట్టెలు పెడితే డబ్బులొస్తాయంటున్నారు. చిన్న ఆరోగ్య బ్లాగుకు పెట్టవచ్చా?
– ఒక వైద్యుడు, విశాఖపట్నం

జవాబు: పెట్టవద్దనే నా సలహా. 2006, 2007లలో మొదలైన ఈ రెండు సంస్థలూ పెద్ద వార్తాసైట్ల కోసం నడిచేవి. ఎవరైనా నొక్కితేనే డబ్బు, కొద్దిపాటి వీక్షణలున్న బ్లాగుకు మిగిలేది నామమాత్రం. పైగా ఆ పెట్టెలో ఏం కనిపిస్తుందో పూర్తిగా మీ చేతిలో ఉండదు. మధుమేహం మీద మీరు జాగ్రత్తగా రాసిన వ్యాసం కిందే ‘వారంలో షుగర్ మాయం’ అన్న ప్రకటన వస్తే, అది కూడా డాక్టరుగారి మాటే అనుకునేవాళ్లు ఉంటారు.

గూగుల్ యాడ్‌సెన్స్‌లో ‘మ్యాచ్డ్ కంటెంట్’ అని ఒకప్పుడు మన టపాలనే చూపించే పెట్టె ఉండేది. 2022 మార్చి నుంచి అది ‘మల్టీప్లెక్స్’ పేరుతో కేవలం ప్రకటనల పెట్టె అయింది. ఇంకా అది సంబంధిత టపాలే చూపుతోందనుకుంటూ ఉంచుకున్నవారు ఒకసారి తెరిచి చూడండి. ప్రకటనలు తప్పవనుకుంటే, పైన ‘ప్రకటనలు’ అని తెలుగులో స్పష్టంగా రాసి, సొంత టపాల జాబితాకు దూరంగా పెట్టండి.

ప్రశ్న: జర్మనీలో ఉంటూ తెలుగు బ్లాగు నడుపుతున్నాను. ఫేస్‌బుక్ లైక్ బటన్ పెడితే చట్టపరమైన ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకుడు, మ్యూనిక్

జవాబు: ఉండేది. ఆ బటన్‌ను ఫేస్‌బుక్ 2026 ఫిబ్రవరిలో ఆపేసింది. అసలు లైక్ బటన్, ఎవరూ నొక్కకపోయినా, పేజీ తెరవగానే పాఠకుడి వివరాలను ఫేస్‌బుక్‌కు పంపేది. ఫ్యాషన్ ఐడీ అనే జర్మన్ దుస్తుల సంస్థ కేసులో ఐరోపా న్యాయస్థానం 2019 జులై 29న తీర్పిచ్చింది. అలా వివరాలు సేకరించి పంపడానికి బటన్ పెట్టిన సైటు కూడా ఉమ్మడి బాధ్యురాలే అంది. ఆ తర్వాత ఫేస్‌బుక్ వాటితో చేసేదానికి కాదు.

తెనాలి పాఠకురాలికి చెప్పిన మామూలు లింకులకు ఈ చిక్కు లేదు, పాఠకుడు నొక్కేదాకా ఏమీ బయటికి వెళ్లదు. ఫోన్లలో ఇంకో మార్గం ఉంది: బ్రౌజర్‌లోనే ఉన్న ‘వెబ్ షేర్’. ఒక్క బటన్ నొక్కితే ఫోన్ సొంత షేర్ పట్టీ తెరుచుకుంటుంది, పాఠకుడి దగ్గరున్న యాప్‌లన్నీ అందులో వస్తాయి. సైటు హెచ్‌టీటీపీఎస్‌లో ఉండాలి, బటన్ నొక్కినప్పుడే పిలవాలి, పేజీ తెరవగానే పిలిస్తే పనిచేయదు. కొన్ని కంప్యూటర్ బ్రౌజర్లలో ఈ సౌకర్యం లేదు కాబట్టి, అక్కడ ‘లింకు కాపీ’ బటన్ కనిపించేలా రాసుకోండి. పంపే చిరునామాగా బ్రౌజర్ పట్టీలో ఉన్నది కాక పేజీ కనానికల్ చిరునామా (తోకలేవీ లేని అసలు చిరునామా) తీసుకోండి. లేకపోతే బ్లాగర్‌లో ఫోను పాఠకులు పంపే ప్రతి లింకు వెనకా ‘ఎం ఈక్వల్స్ 1’ అన్న తోక వస్తుంది.