పాఠకుల ప్రశ్నలు: రేడియోలో బరబర ఎక్కడిది?

ప్రశ్న: పొద్దున స్పష్టంగా వినిపించే మీడియం వేవ్ స్టేషన్ చీకటి పడేసరికి బరబరలో మునిగిపోతోంది. రేడియో పాడైనట్టేనా? ఏరియల్ పెంచితే బాగుపడుతుందా?

జవాబు: రేడియోని విప్పకండి, ఏరియల్ జోలికీ పోకండి. రాత్రిపూట మీడియం వేవ్ మీద దూరపు స్టేషన్లు వచ్చి కలవడం మామూలే కానీ, అది మాట మీద మాటగానో సన్నని ఈలగానో వినిపిస్తుంది. ఒకే తీరున సాగే బరబర చాలావరకు కరెంటు సామాను పని. చీకటితో పాటే మొదలవుతోంది కాబట్టి ముందు లైట్లను అనుమానించాలి.

రేడియోలో బ్యాటరీలు వేసి, అడాప్టర్‌ను ప్లగ్గు నుంచి పీకేయండి. అంతటితో బరబర ఆగితే రొద అడాప్టర్‌దో, దాని తీగ వెంట వచ్చేదో అయి ఉంటుంది. ఆగకపోతే స్టేషన్ ఏదీ లేని చోట ముల్లు పెట్టి, రొద వినిపిస్తుండగా మెయిన్ ఆపండి. కంప్యూటర్‌నీ ఏసీనీ ముందే మామూలు పద్ధతిలో ఆపుకోవాలి. ఇన్వర్టర్, యూపీఎస్ ఉంటే వాటినీ పూర్తిగా ఆపాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. మెయిన్ పోగానే ఇన్వర్టర్ అందుకుంటుంది, లైట్లు వెలుగుతూనే ఉంటాయి, బరబరా అలాగే ఉంటుంది, నింద పక్కింటి మీదకు పోతుంది. పైగా రొద చేసే వాటిలో ఇన్వర్టర్ కూడా ఒకటి.

మెయిన్ ఆపితే రొద ఆగిందా, మూలం ఇంట్లోనే ఉంది. బోర్డులో ఒక్కో లైనుకూ ఉండే స్విచ్‌లు, అంటే ఎంసీబీలు, అన్నీ దించి, మెయిన్ వేసి, ఒక్కొక్కటే పైకెత్తండి. ఏ ఎంసీబీతో రొద తిరిగొచ్చిందో ఆ లైను మీది సామానంతా ప్లగ్గులు పీకి, ఒక్కొక్కటే పెట్టి చూడండి. రిమోట్‌తో ఆపితే చాలదు. టీవీ, సెట్‌టాప్ బాక్సు, చార్జర్ లాంటివి ఆగినట్టు కనిపించినా లోపల పవర్ సప్లై నడుస్తూనే ఉంటుంది.

ఇంకో చిక్కుంది. రేడియోలో శబ్దాన్ని తనంతట తానే సర్దే ఏజీసీ ఉంటుంది. రొద సగానికి తగ్గినా చెవికి తేడా తెలియనివ్వదు. అందుకే రేడియోని అటూ ఇటూ తిప్పి, రొద బొటాబొటిగా వినిపించే స్థితిలో పెట్టుకుని వెతకండి. ఒకటి దొరికిందని ఆగకండి. పెద్ద రొద ఆగితే తప్ప దాని కిందున్న చిన్నది బయటపడదు.

ప్రశ్న: శబ్దాన్ని బట్టి అది దేనిదో చెప్పవచ్చా?

జవాబు: కొంతవరకు చెప్పవచ్చు. ముల్లు జరుపుతుంటే సమాన దూరాల్లో రొద పెరిగి తగ్గుతోందంటే అది స్విచింగ్ పవర్ సప్లై: ఎల్‌ఈడీ బల్బు, చార్జర్, అడాప్టర్ లాంటివి. ఉదాహరణకు 65 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేసే చార్జర్ 585, 650, 715 కిలోహెర్ట్జ్‌ల దగ్గర గట్టిగా వినిపిస్తుంది. బ్యాండ్ పొడవునా ఒకేలా బర్రుమంటూ, కింది కొసన ఎక్కువగా ఉంటే డిమ్మర్‌నో (లైటు వెలుగు తగ్గించేది) ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్‌నో చూడండి. వాటిలోని ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ 50 హెర్ట్జ్ కరెంటును సెకనుకు 100 సార్లు కోస్తుంది. మధ్య స్పీడుల్లో రొద హెచ్చి, ఫుల్‌లో తగ్గితే సందేహమే లేదు. కెపాసిటర్లతో పనిచేసే స్టెప్ రెగ్యులేటర్ వేయించండి, ఆ రొద పోతుంది.

లయ లేకుండా చిటపటమంటూ, స్విచ్ తడితే మారుతోందంటే వదులు కనెక్షన్ ఉండవచ్చు. దీన్ని రేడియో సమస్యగా చూడకండి. వదులైన చోట నిప్పురవ్వలు లేచి, హోల్డరో ప్లగ్గో వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. ఆ లైను ఆపేసి అదే రోజు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ప్రశ్న: రొదను అడ్డుకుంటుందని చార్జర్ తీగకు క్లిప్ ఫెరైట్ (తీగ చుట్టూ బిగించే అయస్కాంత పదార్థపు ముక్క) తగిలించాను. ఇసుమంత తేడా కూడా రాలేదు. ఫెరైట్ పనికిరాదా?

జవాబు: పనికొస్తుంది, కానీ తీగ ఒక్కసారి దూరితే మీడియం వేవ్ దగ్గర అడ్డు నామమాత్రమే. ఈ తక్కువ ఫ్రీక్వెన్సీల్లో అడ్డు చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 3 చుట్లు వేస్తే 9 రెట్లు, 10 చుట్లు వేస్తే దాదాపు 100 రెట్లు. అందుకని పెద్ద ఫెరైట్ రింగు, సుమారు 60 మిల్లీమీటర్ల వెడల్పుది, తీసుకుని తీగను 10 నుంచి 12 సార్లు చుట్టండి. షార్ట్ వేవ్‌లో పైకి పోయేకొద్దీ చుట్ల మధ్య ఏర్పడే కెపాసిటెన్స్ (రొద దాటిపోయే దారి) అడ్డుకి గండి కొడుతుంది, అక్కడ 5 లేదా 6 చాలు. ఫెరైట్ రకం, అంటే మిక్స్ నంబరు, కూడా ముఖ్యమే: షార్ట్ వేవ్‌కు 31 మిక్స్, మీడియం వేవ్‌కు 75 మిక్స్ నప్పుతాయి.

తీగలోని ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిసే రింగులోంచి పోవాలి, విడదీసి ఒక్కదాన్నే చుట్టకూడదు. రింగును రేడియో దగ్గర కాదు, చార్జర్‌కు ఆనుకుని పెట్టాలి. మధ్యలో మిగిలే తీగంతా ఏరియల్‌గా పనిచేసి రొదను వెదజల్లుతుంది. ఫోన్ వైపు తీగకూ ఇంకో రింగు వేయండి, ఎందుకంటే రొద చార్జర్ నుంచి రెండు వైపులకూ వెళ్తుంది. క్లిప్ రకమైతే రెండు ముక్కల మధ్య వెంట్రుకవాసి సందున్నా సామర్థ్యం బాగా పడిపోతుంది. ఎల్‌ఈడీ బల్బుకైతే ఇదంతా దండగ. బల్బు మార్చడమే మేలు. డజను కొనేముందు ఒకటి తెచ్చి మీటరు దూరంలో రేడియో పెట్టి వినండి.

ప్రశ్న: ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే రొద పోతుందట, నిజమేనా?

జవాబు: కొన్ని సందర్భాల్లో తగ్గుతుంది. కానీ దాని మీద ఎక్స్2 (మెయిన్స్ తీగల మధ్య పెట్టడానికే చేసిన రకం) అని ముద్ర ఉండి తీరాలి. మామూలు 400 వోల్టుల డీసీ కెపాసిటర్ మెయిన్స్ మీద షార్టయి మండవచ్చు. ఎర్త్‌కు కలిపేదైతే వై రకమే వాడాలి. మెయిన్స్ పని అలవాటు లేకపోతే ఇది ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

ప్రశ్న: మెయిన్, ఇన్వర్టర్ అన్నీ ఆపినా రొద పోలేదు. ఇప్పుడేం చేయాలి?

జవాబు: మూలం బయట ఉంది. చాలా చిన్న రేడియోల్లో లోపలి ఫెరైట్ కడ్డీ పెట్టె పొడవు వెంట అడ్డంగా ఉంటుంది. రేడియోని నిదానంగా తిప్పితే ఒక చోట రొద ఉన్నట్టుండి సన్నగిల్లుతుంది. అప్పుడు కడ్డీ చూపే గీత మీదే, ముందో వెనకో, మూలం ఉంటుంది. ఇంకో చోటికెళ్లి మరో గీత తీస్తే రెండూ కలిసే చోటు తెలుస్తుంది. కరెంటు తీగల కింద నిలబడి చేయకండి, తీగలు రొదను మోసుకొచ్చి దిక్కు తప్పిస్తాయి. దగ్గరికి వచ్చేకొద్దీ మీడియం వేవ్ నుంచి షార్ట్ వేవ్‌కి మారండి. పై ఫ్రీక్వెన్సీల రొద తీగల వెంట ఎక్కువ దూరం పోదు కాబట్టి, అది వినిపిస్తే మూలం దగ్గరపడినట్టే.

పగలు మాత్రమే వస్తుంటే సోలార్ ఇన్వర్టర్‌ను అనుమానించండి. ఎండపొడి రోజుల్లో ఎక్కువై వాన పడితే తగ్గుతుంటే విద్యుత్ స్తంభం మీది వదులు బిగింపు కావచ్చు. స్తంభాన్ని ముట్టుకోకండి, తట్టకండి. దాని నంబరు, రొద వచ్చే వేళలు, ఆ రోజుల వాతావరణం రాసుకుని విద్యుత్ కార్యాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి.