పెద్దపేగు క్యాన్సర్‌కు ఎంజైమ్ ఇన్హిబిటర్లు ఎప్పటికైనా మందు అవుతాయా?

ఎప్పటికైనా ఏంటండీ, మా నాన్న రోజూ రెండు పూటలా మింగిన కాపెసిటబిన్ మాత్రలు అవే కదా, అంటే ఎంజైమ్ పనిని ఆపే మందులే! ఒంట్లోకి వెళ్లాక అది 5-ఎఫ్‌యూ అనే కీమో మందుగా మారి, డీఎన్ఏ తయారీకి కావలసిన థైమిడిలేట్ సింథేస్ అనే ఎంజైమ్‌ను కదలనివ్వదు. 5-ఎఫ్‌యూ 1957 నాటిది. అయినా వార్తల్లో మాత్రం ఏ ఎలుక మీదో చేసిన ప్రయోగాన్ని పట్టుకుని "క్యాన్సర్‌కు మందు దొరికింది" అని వారానికోసారి ఊదరగొడతారు. బంధువులు దాన్నే ఫార్వర్డ్ చేసి మన టెన్షన్ పెంచుతారు.

మాత్రలు మొదలుపెట్టాక నాన్న అరచేతులు ఎర్రబడి, చర్మం పొరలుగా లేవడం మొదలైంది. ఒకరోజు ఫోన్‌తో కుస్తీ పడుతూ కనిపించారు. బొటనవేలు చొక్కాకు తుడుచుకుంటారు, నొక్కుతారు, మళ్లీ తుడుచుకుంటారు. "ఇది పాడైపోయిందిరా, వేలిముద్ర తీసుకోవట్లేదు" అన్నారు. వేలు చూస్తే గీతల్లేవు, నున్నగా మెరుస్తోంది. ఫోన్‌కు పిన్ పెట్టాం, డాక్టర్ డోసు తగ్గించారు. తప్పు ఫోన్‌ది కాదంటే ఆయన ఇప్పటికీ ఒప్పుకోరు.

నా అసలు కోపం వేరే. ఈ మందును లివర్‌లో విరగ్గొట్టే డీపీడీ అనే ఎంజైమ్ కొందరికి పుట్టుకతోనే తక్కువ. వాళ్లకు మామూలు డోసు కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ముందే పరీక్ష చేయమని యూరప్ మందుల సంస్థ 2020లోనే చెప్పింది. మాకు ఆ ఊసే ఎత్తలేదు. అడిగితే "అందరికీ అవసరం లేదండీ" అన్నారు. అవసరమో కాదో పరీక్ష చేయకుండా ఎలా తెలుస్తుందట?

కొత్త మందుల సంగతీ అంతే. బీరాఫ్ అనే ఎంజైమ్‌ను ఆపే మందు బీరాఫ్ జన్యువులో మార్పు వచ్చిన చర్మ క్యాన్సర్ మెలనోమాలో బాగా పనిచేసింది. అదే మార్పు ఉన్న పెద్దపేగు క్యాన్సర్‌కు ఒంటరిగా ఇస్తే దాదాపు ఫలితం లేదు. ఒక దారి మూస్తే కణితి ఈజీఎఫ్ఆర్ అనే ఇంకో దారి తెరిచిందని 2012లో తేలింది. రెండు దారులూ మూసేలా బీరాఫ్‌ను ఆపే ఎన్కోరాఫెనిబ్‌కు ఈజీఎఫ్ఆర్‌ను ఆపే సెటుక్సిమాబ్ జోడించాక 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది. అదీ కణితిలో బీరాఫ్ వీ600ఈ అనే జన్యు మార్పు ఉన్నవాళ్లకే.

కాబట్టి మందు కొత్తదా పాతదా అని కాదు, ఎవరి కణితికి ఏది అని అడగాలి. బయాప్సీ రిపోర్టులో కేరాస్, బీరాఫ్, ఎంఎస్ఐ అనే కణితి జన్యు పరీక్షల ఫలితాలు లేకపోతే ఎందుకు లేవని నిలదీయండి. డీపీడీ మాట మాత్రం మొదటి మాత్ర వేసుకోకముందే ఎత్తండి, విసుక్కుంటే విసుక్కోనివ్వండి.